వీధి చెప్పు, ఇంటి చెప్పు

(కడప పట్టణంలో ఒక నివాసుల సంఘం ఏర్పాటు చేసిన సభలో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన పెద్దలకు, తల్లులకు, యువతీ యువకులకు నమస్కారం.

ఇంట్లోకి వచ్చేటప్పుడు చెప్పులు విప్పాలా వద్దా అన్నది కడపలో సభ పెట్టి మాట్లాడుకోవలసినంత ప్రశ్నేనా అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. దేవుని కడపలో వేంకటేశ్వర స్వామి దర్శనానికి వెళ్లినా, పెద్ద దర్గాకు వెళ్లినా, బంధువుల ఇంటికి వెళ్లినా మన చేయి ఆలోచించకుండానే చెప్పు మీదికి పోతుంది. ఇంతగా స్థిరపడిన అలవాటు గురించి మాట్లాడడానికి నేను ఒప్పుకొన్నది, రోజూ రోగుల పాదాలు చూసే వైద్యుడిగా నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉన్నందువల్ల. వీధిలో తిరిగిన చెప్పు ఇంట్లోకి రాకూడదు. అంతమాత్రాన ఇంట్లో ఉన్నవారంతా వట్టి కాళ్లతోనే నడవాలన్న నియమమూ ఉండకూడదు. ఇవి రెండు వేర్వేరు విషయాలు. మనం వాటిని ఒకే ఆచారంగా కలిపేసుకొన్నాం, అలా కలిపేసుకొన్నందుకు మధుమేహం ఉన్నవారు తమ పాదాలతో మూల్యం చెల్లిస్తున్నారు.

మొదట వీధి చెప్పు సంగతి చూద్దాం. మన ఇళ్లలో నేల కేవలం నడవడానికి ఉన్నది కాదు. కడప బండలు పరిచిన పడసాలలో కూర్చొని అన్నం తింటాం, వేసవి మధ్యాహ్నం చల్లగా ఉంటుందని చాప కూడా లేకుండా దాని మీదే పడుకొంటాం, పప్పులూ మిరపకాయలూ గుడ్డ పరిచి దాని మీదే ఆరబోస్తాం. పాకే బిడ్డకైతే నేలే లోకం. ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ నేల మీద పెట్టిన చేతిని మరు నిమిషంలో నోట్లో పెట్టుకొంటుంది. కుర్చీల మీద కూర్చొని, బల్ల మీద తిని, మంచం మీద పడుకొనే సమాజంలో చెప్పులతో ఇంట్లో తిరగడం వల్ల వచ్చే నష్టం వేరు, నేలనే పీటగా, పక్కగా వాడుకొనే మన ఇంట్లో వచ్చే నష్టం వేరు.

ఆ చెప్పు తెచ్చేదేమిటి? సూక్ష్మజీవుల గురించి ఈ మధ్య చాలా భయపెడుతున్నారు. చెప్పు అడుగున పేడలో, మురుగులో ఉండే బాక్టీరియా ఉంటుందన్న మాట నిజమే. అయితే ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి పొడిగా, శుభ్రంగా ఉన్న నేల మీద నుంచి జబ్బు అంటుకోవడం అంత సులభం కాదు, ఆ భయాన్ని పెంచడం నాకు ఇష్టం లేదు. నేను ఎక్కువగా పట్టించుకొనేది దుమ్మును, దుమ్ములో కలిసి వచ్చే రసాయనాలను. మన దేశంలో 2000 సంవత్సరం దాకా సీసం కలిపిన పెట్రోలు వాడాం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే అంతకు ముందు వేసిన తలుపుల రంగు, కిటికీ ఊచల రంగు పెచ్చులూడి రాలిన చోట, పాత బ్యాటరీలు విప్పే చోట మట్టిలో సీసం ఉండే అవకాశం ఇప్పటికీ ఉంది. సీసం మట్టిలో కుళ్లిపోదు, ఆవిరైపోదు. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తంలో ఇంతవరకు ఉంటే పరవాలేదని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. చేనికి మందు కొట్టి వచ్చిన రైతు చెప్పులకూ, బండలు కోసి పాలిష్ చేసే చోట పని చేసి వచ్చిన కూలీ చెప్పులకూ ఇదే వర్తిస్తుంది. పొద్దుటూరు, ఎర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చినవారికి ఆ తెల్లటి దుమ్ము ఎంత మెత్తగా, ఎంత లోపలికి పోతుందో నేను చెప్పనక్కరలేదు. ఆ చెప్పులు గడప బయటే ఆగాలి, వీలైతే ఆ బట్టలు కూడా బయటే మార్చుకోవాలి.

బయట మాత్రం చెప్పు తప్పనిసరి. కొంకి పురుగు లార్వా తేమగా ఉన్న మట్టిలో కాచుకొని ఉండి, వట్టి పాదం తగలగానే వేళ్ల సందుల్లోని మెత్తటి చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది, చివరికి పేగును పట్టుకొని రక్తం తాగుతుంది. ఈ దారిని 19వ శతాబ్దం చివర ఈజిప్టులో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. లార్వాలున్న నీటి చుక్క ఆయన చేతి మీద ఒలికింది, కొంతకాలానికి ఆ పురుగుల గుడ్లు ఆయన మలంలోనే కనిపించాయి. మన బడి పిల్లలకు 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నది ఇటువంటి పురుగుల కోసమే. బహిర్భూమికి, చేనికి, దొడ్లోకి వట్టి కాళ్లతో వెళ్లే పిల్లలకు మాత్రతో పాటు చెప్పులు కూడా ఇవ్వాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మధుమేహం చాలా ఏళ్లుగా ఉండి, చక్కెర అదుపులో లేనివారిలో పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట మంటలు, తిమ్మిర్లు ఉంటాయి, తరువాత అవి కూడా తగ్గిపోతాయి. బాధ తగ్గింది కదా అని రోగి సంతోషిస్తాడు, నిజానికి స్పర్శ పోయింది. ఆ పాదానికి ముల్లు దిగినా, గుండు సూది గుచ్చుకొన్నా, పొయ్యి నుంచి పడిన నిప్పు తగిలినా తెలియదు. వంటింట్లో పగిలిన గాజు గ్లాసు ముక్క అరికాలిలో దిగి, నేల మీద నెత్తుటి మరకలు చూసి ఇంట్లోవాళ్లు చెబితే తప్ప తెలియనివారు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. పుండు పడుతుంది, చీము పడుతుంది, రక్త ప్రసరణ కూడా తక్కువగా ఉంటే వేలు తీయవలసి వస్తుంది, ఒక్కోసారి మోకాలి కింది దాకా తీయవలసి వస్తుంది. వీరిలో చాలామంది బయట మంచి బూట్లు వేసుకొని నడిచేవారే. గాయం తగిలింది ఇంట్లో.

మధుమేహ పాదాల మీద పని చేసే అంతర్జాతీయ నిపుణుల బృందం మార్గదర్శకాల్లో, స్పర్శ తగ్గినవారు ఇంటి బయటే కాదు ఇంటి లోపల కూడా వట్టి కాళ్లతో నడవవద్దని, సాక్సులతోనూ నడవవద్దని, పలుచటి అడుగు ఉన్న చెప్పులతోనూ నడవవద్దని ఉంది. ఈ సలహా చెప్పగానే మన పెద్దలు తల ఊపుతారు, ఇంటికి పోయి పాటించరు. కారణం వారి నిర్లక్ష్యం కాదు. పొయ్యి ఉన్న చోటికి, దేవుని పటాలున్న చోటికి చెప్పులతో పోవడానికి మనసు ఒప్పదు. ఇంట్లో చెప్పులేసుకొని తిరుగుతున్నావా అని కోడలో, తోడికోడలో, అత్తగారో అంటారేమోనన్న సంకోచం వేరే. వైద్యులం మేము ఈ సంకోచాన్ని అజ్ఞానంగా కొట్టిపారేసినంత కాలం మా సలహా చీటీ మీదే మిగిలిపోతుంది.

ఈ సందర్భంలో జైపూర్ పాదం చరిత్ర చెప్పకుండా ఉండలేను. అంతకు ముందు మన దేశంలో కాలు పోయినవారికి అమర్చిన విదేశీ కృత్రిమ పాదాలు బూటు తొడిగి నడవడానికి తయారైనవి. బూటు విప్పితే వాటితో నడవడం కష్టం, గొంతుక్కూర్చోవడం కుదరదు, తడి మడిలో దిగడం కుదరదు. గుడికి, వంటింటికి, బంధువుల ఇంటికి బూటుతో పోలేని మనిషి ఆ కాలును మూలన పెట్టి మళ్లీ చంక కర్రలు అందుకొనేవాడు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి రబ్బరుతో, అసలు పాదం ఆకారంలోనే, వట్టి కాలిగా నేల మీద నడవగల పాదాన్ని రూపొందించారు. సేఠీ గారికి 1981లో మెగసెసే పురస్కారం వచ్చింది. గడప దగ్గర బూటు విప్పే మనిషి మర్యాదను వారు గౌరవించారు, అందుకే ఆ పాదం దేశమంతా నిలబడింది. కాలు పోయినవారి కోసం కృత్రిమ పాదాన్నే మన ఆచారానికి తగినట్టు మలచగలిగిన మనం, ఉన్న కాలు పోకుండా కాపాడుకోవడానికి ఆచారాన్ని రవ్వంత సడలించుకోలేమా?

ఆ సడలింపు పెద్దదేమీ కాదు. ఇంట్లోనే తొడిగి, ఇంట్లోనే విప్పే చెప్పుల జత ఒకటి ఉండాలి. అది ఒక్కసారి కూడా వాకిలి దాటకూడదు, పెరట్లోకి కూడా పోకూడదు. అడుగు మందంగా, సూది దిగనంత గట్టిగా ఉండి, పాదం ఆనే పై పొర మెత్తగా ఉండాలి. మైక్రో సెల్యులర్ రబ్బరుతో చేసిన వాటిని ఎం.సి.ఆర్. చెప్పులంటారు, అవి ఇందుకు మంచివి. మడమ వెనక పట్టీ తప్పక ఉండాలి, ఎందుకంటే స్పర్శ లేని పాదం నుంచి హవాయి చెప్పు జారిపోయినా ఆ మనిషికి తెలియదు. బొటనవేలి సందులో ఒరుసుకొనే పట్టీ వద్దు. తొడిగే ముందు లోపల చేయి పెట్టి చూసుకోవాలి, పిల్లల ఆట వస్తువో, చిన్న రాయో ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారికి, నున్నటి టైల్స్ మీద జారిపడతామని భయపడే వృద్ధులకు కూడా ఇటువంటి చెప్పులు మేలు చేస్తాయి. పూజ గదికి మాత్రం వాటితో పోలేమంటారా, గది బయట బల్ల వేసుకొని కూర్చొని పూజ చేసుకోండి, లేదా ఆ గదికే ప్రత్యేకంగా ఉతికిన మందపాటి గుడ్డ చెప్పులు పెట్టుకొని నాలుగడుగులు వేయండి. ఏ దేవుడూ దీనికి కోపించడని నా నమ్మకం.

చెప్పు పట్ల మనకున్న వెగటులో మురికి మీద భయం కొంతే, మిగిలింది కులం. చెప్పు కుట్టిన చేతిని అంటరానిదిగా చూసిన సమాజం మనది. మన పల్లెల్లో దళితులు పైకులాల వీధిలో నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకోవలసి వచ్చిన కాలాన్ని చూసిన పెద్దలు ఈ సభలోనే ఉండవచ్చు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో చెప్పుల దండ వేయడాన్ని పేరు పెట్టి నేరంగా రాయవలసి వచ్చిందంటే ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదనే అర్థం. అందుకే గడప దగ్గరి నియమం అందరికీ ఒకటే కావాలి. ఇంటి యజమాని స్నేహితుడు బూట్లతో సోఫా దాకా వస్తే చిరునవ్వు, పనిమనిషి చెప్పు గడప అంచున కనిపిస్తే కసురు, ఇది శుభ్రత కాదు.

పనివారి విషయంలో ప్రమాదం కూడా ఉంది. కరెంటు పనికి వచ్చిన మనిషిని చెప్పులు విప్పి తడి నేల మీద నిలబడి పని చేయమనడం అతని ప్రాణంతో ఆడుకోవడం. 14.2 కిలోల గ్యాసు, దానికి సిలిండర్ బరువు కూడా కలుపుకొని 30 కిలోల దాకా భుజాన మోసుకొచ్చే మనిషి వట్టి పాదం మీద అది జారిపడితే వేళ్లు నుజ్జవుతాయి. వారు నడిచే దారిలో పాత దుప్పటి పరచండి, వెళ్లాక తడిగుడ్డ పెట్టండి.

మా తాతల ఇళ్లలో అరుగు మీద కూర్చొని చెప్పులు విప్పేవారు, ముంగిట తొట్టిలో చెంబు ముంచి కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చేవారు. మిద్దెలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక అరుగు పోయింది, తొట్టి పోయింది. ఒంటి కాలి మీద ఊగుతూ, గోడ పట్టుకొని చెప్పు విప్పబోయి పడిన వృద్ధులకు తుంటి ఎముక విరుగుతోంది. జపాన్ ఇళ్లలో గుమ్మం లోపల నేలను కొంచెం పల్లంగా ఉంచి, చెప్పులు అక్కడే వదిలే చోటు కడతారు. మన ఇంజినీర్లు కూడా తలుపు దగ్గర కూర్చోవడానికి చిన్న దిమ్మె, పట్టుకోవడానికి ఒక కడ్డీ, చెప్పులకు గూడు ప్లానులోనే పెట్టాలని నా విన్నపం. నడవాలో చెప్పుల స్టాండ్లు పేర్చడం వద్దు, నిప్పంటుకొన్న రోజున అందరూ పరుగెత్తవలసిన దారి అది.

చైత్రంలో ఒంటిమిట్ట కోదండరాముని ఉత్సవాలకు వెళ్లే మధుమేహ రోగులకు ఒక మాట. మిట్టమధ్యాహ్నం కాలిన బండల మీద ప్రదక్షిణం చేసి, పాదాలు బొబ్బలెక్కిన సంగతి రాత్రికి గానీ తెలియనివారు ఉంటారు. తెల్లవారుజామునో, పొద్దు గూకాకో వెళ్లండి, చెప్పులు కుదరని చోట కనీసం మందపాటి సాక్సులైనా తొడుక్కోండి, ఇంటికి రాగానే అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి. గుడి నిర్వాహకులు, దర్గా పెద్దలు ఎండ కాలంలో పీచు పట్టాలు పరిచి నీళ్లు చల్లించే ఏర్పాటు ఇంకా విరివిగా చేయించాలని కోరుతున్నాను.

స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను తీగతో చేసే పరీక్ష ఉంది. నొప్పి ఉండదు, సూది ఉండదు, కళ్లు మూసుకొంటే చాలు. ఆ తీగలు నేను తెచ్చాను. పదేళ్ల పైబడి మధుమేహం ఉన్నవారు, పాదాలు తిమ్మిరెక్కుతున్నవారు ముందుగా వచ్చి ఆ కుర్చీల్లో కూర్చోండి, ప్రశ్నలు ఉన్నవారు పక్కనే నిలబడి అడగండి, పరీక్ష చేస్తూనే చెబుతాను.