హీబ్రూ అచ్చులు: మన గుణింతం తెలిస్తే సగం వచ్చినట్టే

నమస్కారం అండీ. ఇవాళ ఒక పేరుతో మొదలుపెడదాం. మిర్యాము. మోషే అక్క. బైబిల్ చదివినవాళ్ళకి తెలుసు, చదవనివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట విని ఉంటారు.

ఈ పేరు హీబ్రూలో ఎలా ఉంటుందో స్క్రీన్ మీద పెట్టాను. కుడి చివర మొదలుపెట్టి ఎడమవైపుకి చదవాలి. మొత్తం నాలుగే అక్షరాలు. మేమ్, రేష్, యోద్, మళ్ళీ మేమ్. ప్రస్తుతానికి చుక్కలూ గీతలూ ఏమీ పెట్టలేదు. కాబట్టి మనకి వినిపించేది మ్, ర్, య్, మ్. అంతే. దీన్ని మరియమ్ అనొచ్చు, మురయిమ్ అనొచ్చు, ఎలాగైనా అనొచ్చు.

ఇప్పుడు మొదటి మేమ్ కింద ఒక్క చుక్క పెడుతున్నాను. ఈ చుక్కని హిరిక్ అంటారు. శబ్దం ఇ. మనం మ్‌కి గుడి పెట్టినట్టే అయింది: మి. తర్వాత రేష్ కింద రెండు చుక్కలు, ఒకదాని కింద ఒకటి. దీని పేరు షవా. ఇక్కడ అచ్చు లేదని చెబుతుంది. అంటే మన పొల్లు: ర్. యోద్ కింద ఇంగ్లీషు టీ ఆకారంలో చిన్న గుర్తు ఉంది చూడండి. అది కమాత్స్. శబ్దం ఆ. య్‌కి దీర్ఘం: యా. చివరి మేమ్ నాలుగు వైపులా మూసేసిన పెట్టెలా ఉంది. పదం చివర వస్తే మేమ్‌కి ఆ రూపమే. దాని కింద ఏమీ లేదు కాబట్టి మ్.

మి, ర్, యా, మ్. మిర్యామ్. తెలుగులో మాట హల్లుతో ఆగిపోతే మనకి నోరు ఊరుకోదు కదా, చివర ఒక కొమ్ము తగిలించి మిర్యాము చేసుకున్నాం. ఆ కొమ్ము తీసేస్తే మిగిలింది అచ్చమైన హీబ్రూ.

ఇప్పుడు మీరు ఒక హీబ్రూ మాట చదివేశారు. ఒకటో తరగతిలో పలక మీద క, కా, కి, కీ అని దిద్దినప్పుడు చేసిన పనే ఇది. ఈ సంగతి నాకు మొదట ఎవరూ చెప్పలేదు. నేను మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ రాసిన పుస్తకం పట్టుకున్నాను. ఇంగ్లీషు ఏ కనిపిస్తే అ అనాలా, ఆ అనాలా, ఏ అనాలా అని ప్రతి మాట దగ్గరా టెన్షన్. నెల రోజులు అలాగే గడిచాయి. ఒకరోజు విసుగొచ్చి ఆ ఇంగ్లీషు వరస మొత్తం పెన్సిల్‌తో కొట్టేసి, ప్రతి అక్షరం పక్కన తెలుగులో రాసుకున్నాను. వారంలో చదవడం వచ్చింది. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. మన దగ్గర గుణింతం ఉంది. దాన్ని పక్కన పెట్టి హీబ్రూని ఇంగ్లీషు దారిలో నేర్చుకోవడం అనవసరమైన కష్టం.

ఒక్క తేడా మాత్రం ముందే తెలుసుకోవాలి. తెలుగులో క అని రాస్తే అందులో అ ఉంది. తలకట్టు దాన్ని చూపిస్తుంది. అచ్చు వద్దనుకుంటే పొల్లు పెట్టాలి. హీబ్రూలో 22 అక్షరాలున్నాయి, ఇరవైరెండూ హల్లులే. అక్షరం పుట్టుకతోనే పొల్లు. అ కావాలన్నా గుర్తు పెట్టాల్సిందే. ఆ గుర్తు అక్షరం కింద ఒక చిన్న అడ్డగీత, పేరు పతాహ్. తలకట్టే, కాకపోతే తల మీద కాకుండా కాళ్ళ కింద ఉంటుంది.

ఇప్పుడు బేత్ అక్షరానికి గుణింతం చెబుతాను, నాతో పాటు పైకి అనండి. కింద అడ్డగీత, బ. టీ గుర్తు, బా. ఒక చుక్క, బి. చుక్క పెట్టి పక్కన యోద్ కూడా ఉంటే, బీ. మూడు చుక్కలు పొయ్యి రాళ్ళలా త్రికోణంగా ఉంటే సెగోల్, బె. రెండు చుక్కలు పక్కపక్కన ఉంటే త్సేరే, బే. అక్షరం పైన ఎడమ మూల చుక్క ఉంటే హోలామ్, బో. కింద మూడు చుక్కలు ఏటవాలుగా దిగితే కుబుత్స్, బు. పక్కన వావ్ అక్షరం ఉండి, దాని మధ్యలో చుక్క ఉంటే షురుక్, బూ. రెండు చుక్కలు నిలువుగా ఉంటే షవా, బ్.

పేర్లు ఇప్పుడే బట్టీ పట్టకండి. గుడి, కొమ్ము అనే పేర్లు నోటికి వచ్చేలోపే మనం కి, కు చదవలేదూ? ఇదీ అంతే. ఆకారం చూడగానే శబ్దం రావాలి.

నేను బ, బా అని విడివిడిగా చెప్పాను కానీ, ఇప్పుడు ఇజ్రాయెల్‌లో మాట్లాడే హీబ్రూలో ఆ తేడా లేదు. పతాహ్, కమాత్స్ రెండింటినీ ఒకేలా పలుకుతారు. సెగోల్, త్సేరే కూడా దాదాపు అంతే. మనకి పలు వేరు, పాలు వేరు. వాళ్ళకి అలా సాగదీస్తే అర్థం మారదు. వినడానికి అయిదే అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ. అలాగని గుర్తులు కలిపేసుకోవద్దు, రాసేటప్పుడు వేటికవే.

కమాత్స్ దగ్గర ఒక చిక్కుంది. కొన్ని మాటల్లో అదే టీ గుర్తుని ఓ అని చదవాలి. ఎక్కువగా కనిపించేది కోల్, అంటే అన్నీ, సమస్తం. హొఖ్మా అనే మాట కూడా అంతే, జ్ఞానం అని అర్థం. నియమం ఉంది కానీ ఇవాళ వద్దు. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, చాలు. హతాఫ్ అని ఇంకో రకం ఉంది, షవా పక్కన ఇంకో గుర్తు చేరి ఉంటుంది. ఆ రెండో గుర్తునే చదివేయండి.

షవా గురించి కాస్త ఆగి చెప్పాలి. మాట మధ్యలో మిర్యామ్‌లో లాగా పొల్లుగా ఉంటే, తర్వాతి అక్షరం మనకి వత్తుగా మారుతుంది. ర్ తర్వాత యా, కలిపితే ర్యా. రిబ్కా పేరులో బ్ కింద షవా, దాని తర్వాత కా. మాట మొదట్లోనే షవా వస్తే మాత్రం చిన్న ఎ వినిపిస్తుంది. హీబ్రూ బైబిల్ మొదటి మాట బెరేషీత్, తెలుగులో ఆదియందు అని ఉన్న చోటు. అందులో బ కింద ఉన్నది షవా. బే అని సాగదీయకండి, ఎ తగిలీ తగలనట్టు ఉండాలి.

ఇక అక్షరం కడుపులో పెట్టే చుక్క. దీన్ని దాగేష్ అంటారు, ఇది అచ్చు కాదు. కొత్తవాళ్ళు దీన్ని కూడా అచ్చనుకుని తడబడతారు. బేత్‌లో చుక్క ఉంటే బ, లేకపోతే వ. పే అక్షరంలో చుక్క ఉంటే ప, లేకపోతే ఫ. అందుకే మనం రిబ్కా అన్న పేరుని ఇజ్రాయెల్‌లో రివ్‌కా అంటారు. మన యోసేపు వాళ్ళకి యోసేఫ్. ఇదే చుక్క ఇంకో పని కూడా చేస్తుంది, పాత ఉచ్చారణలో హల్లుని రెట్టిస్తుంది. మన ద్విత్వమే. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ హవ్వ. ఇంగ్లీషులో ఈవ్ అయిపోయిన ఆ పేరు తెలుగు బైబిల్లో హవ్వగానే ఉంది. హీబ్రూలో వావ్ మధ్యలో చుక్క ఉంది, తెలుగులో వ కింద వత్తు ఉంది. ఆ చుక్కే ఈ వత్తు.

అంతకంటే ముచ్చటైనది నోవహు. హీబ్రూలో రెండే అక్షరాలు. నూన్, హేత్. నూన్ పైన హోలామ్ ఉంది, నో. హేత్ కింద పతాహ్ ఉంది. మనం నేర్చుకున్న పద్ధతిలో నోహ అని చదవాలి, ముందు హల్లు, తర్వాత అచ్చు. కానీ అలా కాదు. హేత్ గొంతు లోపలి నుంచి వచ్చే శబ్దం. మాట చివర ఇలాంటి అక్షరం కింద పతాహ్ ఉంటే, అ ముందు పలికి హల్లు తర్వాత పలకాలి. నో, అ, హ్. నోఅహ్. దొంగచాటుగా ముందుకొచ్చిన పతాహ్ అనే అర్థంలో దీన్ని పతాహ్ గ్నువా అంటారు. ఇప్పుడు తెలుగు పేరు మెల్లగా అనండి. నో, వ, హు. ఓ పక్కన అ వస్తే మధ్యలో మనకి వ జారుతుంది, చివర కొమ్ము చేరుతుంది. ఆ రెండూ తీసేస్తే నోఅహ్. హీబ్రూ వ్యాకరణంలో విద్యార్థులు తడబడే నియమం ఒకటి మన తెలుగు పేరులో చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. ఇది నాకు తట్టిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంతకీ ఈ గుర్తులు అక్షరాల మధ్యలో కాకుండా కిందా పైనా ఎందుకున్నాయి? ఎందుకంటే అక్షరాలు ముందే ఉన్నాయి, వాటిని కదిలించే హక్కు ఎవరికీ లేదు. పవిత్ర గ్రంథంలో ఒక్క అక్షరం చేర్చకూడదు, తీయకూడదు. అంతకుముందు యోద్, వావ్, హే, ఆలెఫ్ లాంటి హల్లుల్నే అక్కడక్కడ అచ్చుల కోసం వాడుకునేవారు. వీటిని హీబ్రూలో చదువు తల్లులు అంటారు. కానీ అవి అన్ని చోట్లా లేవు. హీబ్రూ ఇంట్లో మాట్లాడే భాషగా లేకుండా పోయాక సరైన ఉచ్చారణ పెద్దవాళ్ళ నోట్లో మాత్రమే మిగిలింది. అది పోకుండా 7 నుంచి 10వ శతాబ్దాల మధ్య మసోరెత్ పండితులు పూనుకున్నారు. మసోరెత్ అంటే సంప్రదాయం, ఒకరి నుంచి ఒకరికి అందేది. గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియ ఊళ్ళో ఉన్న పండితుల పద్ధతే ఇవాళ మనం నేర్చుకుంటున్నది. బబులోను యూదులకి వేరే పద్ధతి ఉండేది, వాళ్ళు అచ్చుల్ని అక్షరాల పైన పెట్టేవారు. తిబెరియ వాళ్ళలో బెన్ ఆషేర్ కుటుంబం పేరున్నది. ఆ కుటుంబంలోని అహరోను బెన్ ఆషేర్ గుర్తులు పెట్టిన ప్రతి సుమారు 930 నాటిది, అలెప్పో ప్రతి అంటారు, ఇప్పుడు యెరూషలేములో ఉంది, కొన్ని భాగాలు పోయాయి. పూర్తిగా దొరికే వాటిలో పాతది 1008 నాటిది, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయంలో ఉంది.

సినగోగులో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, చదివే తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలో నేటికీ అచ్చు గుర్తులు ఉండవు. చదివేవాళ్ళు ఇంట్లో సాధన చేసి రావాలి. దానికోసం తిక్కున్ అనే పుస్తకం ఉంటుంది. ఒక వరసలో గుర్తులతో, పక్క వరసలో గుర్తులు లేకుండా, అదే పాఠం. 13 ఏళ్ళ పిల్లలు బార్ మిత్స్వాకి, అంటే ఆ వయసులో జరిగే యూదుల మత వేడుకకి, దాన్ని చూసే తయారవుతారు.

తెలుగువాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. యెహోవా. దీన్ని గౌరవంతోనే చెబుతున్నాను, ఎవరి విశ్వాసాన్నీ తక్కువ చేయడానికి కాదు. దేవుని పేరు హీబ్రూలో నాలుగు అక్షరాలు: యోద్, హే, వావ్, హే. యూదులు ఆ పేరు పలకరు. ఆ చోట అదోనాయ్, అంటే నా ప్రభువు, అని చదువుతారు. చదివేవాళ్ళకి అది గుర్తుండాలని పండితులు ఆ నాలుగు హల్లులకి అదోనాయ్ అచ్చులు పెట్టారు. ఆలెఫ్ కింద ఉండే హతాఫ్, యోద్ కిందికి వచ్చేసరికి మామూలు షవా అయింది, అంటే చిన్న ఎ. తర్వాత ఓ, తర్వాత ఆ. తరువాతి కాలంలో ఆ హల్లుల్నీ ఈ అచ్చుల్నీ కలిపి చదివితే వచ్చిన రూపమే యెహోవా అని పండితులు చెబుతారు. మనకి ఇంత దగ్గరైన మాటలో మనం ఇప్పుడు నేర్చుకున్న మూడు అచ్చులున్నాయి.

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకో మాట. వీధిలో, పేపర్లో, మందుల చీటీ మీద ఈ గుర్తులు కనిపించవు. పిల్లల పుస్తకాల్లో, కవిత్వంలో, ప్రార్థన పుస్తకాల్లో, బైబిల్లో, ఇలాంటి చోట్లే ఉంటాయి. అయినా ఇవి ముందు నేర్చుకోండి. సామెఖ్, పే, రేష్ అనే మూడే అక్షరాల్ని సేఫెర్ అని చదివితే పుస్తకం, సపార్ అంటే బార్బర్, సఫార్ అంటే లెక్కపెట్టాడు. మరి ఇజ్రాయెల్ వాళ్ళు గుర్తులు లేకుండా ఎలా చదువుతున్నారంటే, మనం వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు చదివినట్టే. అక్కడ పలు, పాలు రెండూ ఒకేలా టైప్ చేస్తాం. ‘పాలు తెచ్చావా’ అని ఎవరైనా పెడితే తడుముకుంటామా? మాట ముందే తెలుసు కాబట్టి కన్ను దాటేస్తుంది. మాటలు అలా తెలిసేదాకా గుర్తులున్న పుస్తకమే చదవాలి.

సాధనకి బైబిల్ ప్రతితో మాత్రం మొదలుపెట్టకండి. అందులో అచ్చులతో పాటు రాగం గుర్తులు కూడా ఉంటాయి, కొత్త కంటికి రెండూ కలిసిపోతాయి. పిల్లల కథల పుస్తకం తీసుకోండి. వేలు అక్షరం మీద పెట్టి హల్లు పలకండి, వేలు కిందికి దించి అచ్చు పలకండి, ఎడమకి జరపండి. రోజుకి పది నిమిషాలు, పైకే చదవాలి. మనసులో చదివితే తప్పు వినపడదు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. కుడి నుంచి మూడు అక్షరాలు. మొదట రేష్, కింద టీ గుర్తు. తర్వాత హేత్, కింద పక్కపక్కన రెండు చుక్కలు. చివర లామెద్, అంటే ల్, కింద ఏమీ లేదు. చివర కొమ్ము మీరే పెట్టుకోండి. యాకోబు ఈమె కోసం ఏడేళ్ళు పనిచేశాడు.