ఆదివారం సాయంత్రానికి ఒక రొట్టె, నాలుగు గిన్నెలు

శ్రోతలకు నమస్కారం.

ఆదివారం సాయంత్రం అనగానే చాలా ఇళ్లల్లో ఒక చిన్న టెన్షన్ మొదలవుతుంది. బీచ్ రోడ్డుకో, కైలాసగిరికో వెళ్లిన పిల్లలు ఆకలి మీద ఇల్లు చేరతారు, వెంట ఇద్దరు స్నేహితుల్ని కూడా తీసుకొస్తారు. మధ్యాహ్నం వండిన పప్పూ కూరా వేడిచేసి పెడతామంటే ఎవరూ కంచం ముందుకి రారు. సరే అని ఫోన్ తీసి ఆర్డర్ పెడతాం. రొట్టెలతో పాటు చిన్న చిన్న కప్పుల్లో తెల్లటి డిప్ ఒకటి, ఎర్రటిది ఒకటి వస్తాయి. రెండు ముక్కలు నంజుకునేసరికి కప్పు ఖాళీ. ఆ కప్పులో ఏం కలిపారో, ఎప్పుడు కలిపారో మనకి తెలీదు.

రోజూ ఏదో ఒక పచ్చడి నూరుకునే ఇళ్లు మనవి. ఉప్పు, పులుపు, కారం, నూనె ఎంతెంత పడితే రుచి కుదురుతుందో మన చేతికి తెలుసు. డిప్‌లకి కావలసిన పనితనం కూడా అదే. మరి చాలామంది ఒకసారి చేసి, కుదరలేదని ఎందుకు వదిలేస్తున్నారు? నేను చూసినంతలో తప్పు వాళ్ల చేతిది కాదు. ఆ కొలతలు రాసినవాళ్లు చాలావరకు చల్లటి దేశాలవాళ్లు. వాళ్ల వంటింట్లో ఉక్కపోత ఉండదు. మన విశాఖలో సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలోనే చెమ్మగిల్లుతుంది, పెరుగు పూటలో పులుస్తుంది, పిండి గంటలోపే పొంగుతుంది. వీటిని లెక్కలోకి తీసుకుని కొలతలు, సమయాలు కాస్త మార్చుకుంటే చాలు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ మార్పుల గురించే.

ముందు అన్నిటికంటే తేలికైనది, పెరుగు డిప్. అరకిలో గట్టి పెరుగుని పల్చటి నూలుగుడ్డలో మూటగట్టి నీళ్లు కారనివ్వాలి. మామూలుగా ఈ మూటని కుళాయికి వేలాడదీయమంటారు. మన ఊళ్లో మార్చి దాటాక ఆ పని చేస్తే, నీళ్లు కారేలోపు పెరుగు పుల్లబడిపోతుంది. గిన్నె మీద జల్లెడ, జల్లెడలో మూట పెట్టి, ఆ మొత్తాన్ని ఫ్రిజ్‌లో ఉంచండి. నాలుగైదు గంటలకి దాదాపు పావుకిలో చిక్కటి ముద్ద మిగులుతుంది. అందులో చిదిమిన వెల్లుల్లి ఒక్క రెబ్బ, వేయించి దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన పుదీనా, చెంచా నూనె కలపాలి. కీరా వేయాలనుకుంటే కోరి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలాగి గట్టిగా పిండాకే వేయండి. లేకపోతే డిప్ కాస్తా పెరుగుపచ్చడి అవుతుంది. గిన్నెలోకి కారిన తేట నీళ్లు పారబోయకండి, రొట్టెల పిండి దగ్గర వాటితో పని ఉంది.

రెండోది శనగల డిప్. దీన్నే హమ్మస్ అంటారు. లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు రోజూ తినే తిండి ఇది. కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు. ఒక కప్పు శనగలు రాత్రి నానబెట్టండి. మే నెలలో అయితే ఆ నానబెట్టడం కూడా ఫ్రిజ్‌లోనే, బయట పెడితే తెల్లారేసరికి నురగ కడతాయి. ఉడికించేటప్పుడు పావు చెంచా వంటసోడా వేస్తే తొక్క మెత్తబడి విడిపోతుంది. పలుకు ఉండకూడదు. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే వెన్నలా అణిగిపోవాలి. కూరకి ఇలా ఉడికితే ఎక్కువైంది అంటాం, దీనికి మాత్రం ఇలాగే ఉండాలి.

నువ్వుల ముద్దని సీసాలో కొంటే బోలెడు ఖరీదు. అరకప్పు తెల్ల నువ్వులు సన్నటి సెగ మీద రంగు మారకుండా, చిటపటమనేంత వరకే వేయించండి. పచ్చడికి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే చేదు తగులుతుంది. చల్లారాక చెంచాడు నూనెతో మిక్సీలో మెత్తగా, జారుగా అయ్యేదాకా తిప్పండి. ఆ ముద్దని ఒక గిన్నెలోకి తీసి నిమ్మరసం పోసి కలపడం మొదలుపెడితే అప్పటిదాకా జారుగా ఉన్న ముద్ద ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. రంగు కూడా మారి, విరిగిపోయిందేమో అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి ఇంకాస్త నూనె పోస్తారు. నూనె పోయకండి. నువ్వుల ముద్ద అంటే నూనెలో తేలే సన్నటి పొడి. కొద్దిపాటి తడి తగలగానే ఆ పొడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఐస్ నీళ్లు చెంచా చెంచా చొప్పున పోస్తూ గిలక్కొట్టండి. మూడో నాలుగో చెంచాకి ముద్ద వదులై, తెల్లబడి, మీగడలా నిగనిగలాడుతుంది. అప్పుడు మెత్తగా రుబ్బిన శనగలు, వెల్లుల్లి, ఉప్పు కలపాలి. రుబ్బేటప్పుడు కూడా నీళ్లు చల్లగానే ఉండాలి. మన మిక్సీ జార్ వేసవిలో రెండు నిమిషాలకే వేడెక్కుతుంది, ఆ వేడికి వెల్లుల్లి ఘాటు, నువ్వుల చేదు పైకి తేలతాయి. ఆపి ఆపి తిప్పండి.

కాబూలీ శనగల బదులు మన చింతపల్లి వైపు పండే రాజ్మా దొరికితే తప్పకుండా వాడి చూడండి. పైతొక్క గట్టిగా ఉన్నా లోపల మెత్తగా ఉడుకుతుంది, కొంచెం తియ్యదనం ఉంటుంది. అయితే రాజ్మాని సగం ఉడకనిచ్చి దించకూడదు. పచ్చిగింజలో కడుపుని ఇబ్బందిపెట్టే పదార్థం ఉంటుంది, బాగా మరిగితేనే అది పోతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాలి.

వంకాయ డిప్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. కాల్చిన వంకాయ పచ్చడి వచ్చినవాళ్లకి అది వచ్చేసినట్టే. చింతపండు బదులు నిమ్మరసం, ఇంగువ పోపు బదులు ఇందాకటి నువ్వుల ముద్ద. తొక్క తీసిన గుజ్జుని జల్లెడలో వేసి పావుగంట నీరు కారనివ్వండి, అంతే.

నాలుగో గిన్నె మయోనీజ్. పిల్లలకి ఇదంటే ప్రాణం. మయోనీజ్ అసలు పద్ధతిలో పచ్చి గుడ్డు సొన వేసి చేస్తారు. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే ప్రమాదం ఉంది, వేడి వాతావరణంలో అది ఇట్టే పెరుగుతుంది. అందుకే పచ్చి గుడ్డు మయోనీజ్‌ని కేరళ 2023లో నిషేధించింది, తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్లో ఏడాదేసి పాటు నిషేధించాయి. మన దగ్గర ఎండలూ ఉక్కపోతా వాళ్లకేం తీసిపోవు కాబట్టి, ఇంట్లో చేసుకునేటప్పుడు గుడ్డు జోలికే పోవద్దని నా సలహా. పాలతో చేయండి. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరచిన పాలు వంద మిల్లీలీటర్లు, వాసన లేని పొద్దుతిరుగుడు నూనె రెండు వందలు. పాలల్లో ఉప్పు, అర చెంచా ఆవపిండి వేసి చిన్న జార్‌లో తిప్పుతూ, నూనెని సన్నటి ధారగా పోయాలి. పాలల్లోని మాంసకృత్తులు నూనె బొట్లని విడిపోకుండా పట్టి ఉంచుతాయి. చిక్కబడ్డాక చివర్లో నిమ్మరసం పిండితే ఇంకా బిగుస్తుంది. నిమ్మరసం ముందే పోస్తే పాలు విరుగుతాయి. పాలు గోరువెచ్చగా ఉన్నా చిక్కబడదు, వేసవిలో జార్‌ని కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయడం మంచిది.

ఇక సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్. మూడొంతులు నూనె, ఒక వంతు పులుపు అన్నది పాత లెక్క. మన నిమ్మకాయల పులుపుకి ఆ లెక్క సరిపోతుంది, కావాలంటే నూనె కాస్త పెంచుకోవచ్చు. ముందు నిమ్మరసంలో ఉప్పు కరిగించాలి, ఎందుకంటే నూనెలో ఉప్పు కరగదు. తరవాత ఆవ. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన మనకి ఆవ ఘాటు కొత్త కాదు. ఇక్కడ ఆవ ఘాటు కోసం మాత్రమే కాదు. ఆవగింజ పొరలోని జిగురు నూనెనీ పులుపునీ కాసేపు కలిపి ఉంచుతుంది. గట్టి మూత ఉన్న సీసాలో అన్నీ పోసి బలంగా ఊపితే తెల్లగా, చిక్కగా మారుతుంది. గానుగ నువ్వుల నూనె ఒక్కటే వాడితే వాసన మిగతావాటిని మింగేస్తుంది, సగం మామూలు నూనె కలపండి. తియ్యదనానికి ఒక చెంచా తేనె. గిరిజన సహకార సంస్థ మన విశాఖ కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తోంది, వాళ్ల దుకాణాల్లో మన్యం తేనె దొరుకుతుంది. రైతుబజారులో ఆ పొద్దున కొన్న కీరా, టమాటా, మొలకెత్తిన పెసలు, కాలమైతే సన్నగా తరిగిన పచ్చిమామిడి. వాటి మీద ఇది, అదీ వడ్డించే ముందే పోయాలి. ముందే పోసి ఉంచితే ముక్కలు నీరొదిలి వాడిపోతాయి.

రొట్టె దగ్గరికి వద్దాం. ఓవెన్ అక్కర్లేదు, పెనం చాలు. పీటా అనే పొంగే రొట్టెకి మూడు వందల గ్రాముల పిండి, సగం మైదా, సగం గోధుమపిండి. ఒక చెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒక చెంచా పంచదార, ముప్పావు చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె. పెరుగు నుంచి కారిన తేట, నీళ్లు కలిపి సుమారు నూట ఎనభై మిల్లీలీటర్లు. అంతా ఒకేసారి పోయకండి. తేమ పట్టిన మన పిండికి ఒకటి రెండు చెంచాలు తక్కువే పడుతుంది. పది నిమిషాలు బాగా మర్దించాలి. చిన్న ముద్ద తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా, వెలుతురు కనిపించేంత పల్చగా సాగాలి.

పుస్తకాల్లో గోరువెచ్చటి నీళ్లు పోసి గంటన్నర పొంగనివ్వమని ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో మనకీ అది సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నలభై నిమిషాలకే పిండి రెట్టింపవుతుంది. గంటన్నర వదిలేస్తే పులిసి, సారా వాసన వేసి, కాల్చేటప్పుడు చప్పబడిపోతుంది. అందుకని వేసవిలో చల్లటి నీళ్లు పోసి కలపండి, ఈస్ట్ సగానికి తగ్గించండి, గడియారం చూడకుండా పిండిని చూడండి. ఇంకా మంచిది, శనివారం రాత్రే కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం. అక్కడ నిదానంగా పొంగిన పిండికి రుచి ఎక్కువ. ఎప్పుడైనా సరే మరిగే నీళ్లు మాత్రం పోయకండి, అరవై డిగ్రీల వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది.

ఎనిమిది ఉండలు చేసి, పది నిమిషాలు ఆగనిచ్చి, చపాతీ కంటే మందంగా, అన్ని వైపులా ఒకేలా వత్తండి. పెనం బాగా కాలి ఉండాలి. అర నిమిషానికి తిప్పి, రెండోవైపు ఒక నిమిషం, మళ్లీ తిప్పితే పొంగుతుంది. లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై పైపొరని లేపుతుంది. పెనం చల్లగా ఉంటే ఆవిరి నెమ్మదిగా బయటికి పోయి రొట్టె పొంగదు. తీసిన వెంటనే గుడ్డలో చుట్టండి.

మైదా వద్దనేవాళ్లకి మన దిబ్బరొట్టె ఉండనే ఉంది. ఒకటికి రెండు లెక్కన మినప్పప్పు, బియ్యపు రవ్వ, మందపాటి మూకుడు, సన్నటి సెగ. అనకాపల్లి వైపు పానకం నంజుకుని తినే ఆ రొట్టె కరకరలాడే అంచుని ఒక్కసారి పెరుగు డిప్‌లో ముంచి తినండి. నా దృష్టిలో పీటా కంటే అదే మంచి జత. చోడిపిండి, అంటే రాగిపిండి రొట్టెకి వంకాయ డిప్ బాగా కుదురుతుంది.

నిల్వ సంగతి కాస్త శ్రద్ధగా వినండి. మామూలు రోజుల్లో ఈ డిప్‌లు బల్ల మీద రెండు గంటలు, ముప్పైరెండు డిగ్రీలు దాటిన రోజున ఒక్క గంట. అంతకు మించి బయట ఉంటే పారేయాల్సిందే. అందుకే సగం సగం బయట పెట్టండి, మిగతాది ఫ్రిజ్‌లో ఉండనివ్వండి. పెరుగు, శనగల డిప్‌లు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి, పాల మయోనీజ్ రెండు రోజులు. పచ్చి వెల్లుల్లిని నూనెలో నానేసి గట్టు మీద ఉంచే అలవాటు ఉంటే దయచేసి మానండి. గాలి తగలని ఆ నూనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతకమైన విషం తయారయ్యే అవకాశం ఉంది, వాసనలోనూ రంగులోనూ తెలీదు. వెల్లుల్లి నూనె ఏ పూటకాపూట చేసుకోండి.

మిగిలిన పీటాలని మర్నాడు పొద్దున ముక్కలుగా కోసి, నూనె రాసి, నువ్వులూ ఉప్పూ చల్లి, పెనం మీద సన్నటి సెగన కరకరలాడేదాకా కాల్చండి. చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలో వేయాలి, పళ్లెంలో వదిలేస్తే మన గాలికి పావుగంటలో మెత్తబడతాయి. సోమవారం పిల్లల టిఫిన్ బాక్సులో అవి పెట్టొచ్చు. మిగిలిన శనగల డిప్ మాత్రం బాక్సులో ఇందాకటి గంటల లెక్క దాటిపోతుంది, దాన్ని ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. ఆ డిప్ బదులు రెండు బెల్లం ముక్కలు పెట్టండి.

సెలవు. నమస్కారం.