ష్యూరిటీ సంతకం పెట్టి మరిచిపోతే

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు పక్కన పెట్టి హనుమకొండ దాకా వచ్చారు, చాలా సంతోషం.

మా పెద్దమ్మాయి చదువు లోన్ కోసం బ్యాంకుకు పోయిన రోజు మేనేజర్ స్క్రీన్ నా వైపు తిప్పి, "ఈ ట్రాక్టర్ అప్పు సంగతేంది సార్?" అన్నాడు. నేనెన్నడూ ట్రాక్టర్ కొనలేదు. కొన్నది నర్సంపేట దగ్గర ఉండే మా బామ్మర్ది. నేను ష్యూరిటీ సంతకం పెట్టి, చాయ్ తాగి ఇంటికొచ్చాను, అంతే. పత్తి దెబ్బతిన్న ఏడాది ఆయన కిస్తీలు కట్టలేకపోయాడు. మొహమాటంతో నాకు చెప్పలేదు. బ్యాంకు వాళ్లూ చెప్పలేదు. నా పేరు మీద మాత్రం ఎక్కించారు. ఆ రాత్రి అమ్మాయి మొహం చూడలేకపోయాను.

ఎక్కడ ఎక్కించారు? మన అప్పులు, కిస్తీల లెక్క రాసిపెట్టే కంపెనీల్లో. మనం అన్నిటినీ సిబిల్ అనేస్తాం గానీ, అలాంటి కంపెనీలు దేశంలో నాలుగున్నాయి. 2005 నాటి చట్టం కింద నడుస్తాయి, 300 నుంచి 900 దాకా స్కోరు ఇస్తాయి. ఆ స్కోరు కంటే దాని కింద ఉండే వివరాలే నాకు ముఖ్యం. పాత అప్పు 'క్లోజ్డ్' అని ఉందా, 'సెటిల్డ్' అని ఉందా చూడండి. వడ్డీ తగ్గిస్తాం, ఇంత కట్టి తేల్చుకోండి అంటే మనకు పండగే. కానీ సెటిల్డ్ అంటే మొత్తం కట్టలేదని. రేపు మీరు పోయే ప్రతి బ్యాంకూ దాన్నే చూస్తుంది. ఒప్పుకునే ముందే ఏమని రాస్తారో అడగండి.

నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు మీకు పరిహారం రావాలి.

ఈ రిపోర్టు ఎవరుపడితే వాళ్లు చూసేది కాదు. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అట్లా కాదు. ఇంటి తాకట్టు రిజిస్టర్ అయితే, డాక్యుమెంటు నంబరు తెలిసినవాళ్లు ఎవరైనా చూడొచ్చు. మన అప్పు నలుగురికీ తెలియడం బాధే. అయినా కొనేవాడు మోసపోకూడదంటే అది తెరిచే ఉండాలి, నేను ఆ పక్షమే. అప్పు తీరాక కూడా తాకట్టు కనబడితే మాత్రం ఊరుకోవద్దు. మా వీధిలో ఒకాయన లోనంతా కట్టి కాగితాలు బీరువాలో పెట్టుకున్నాడు. ఇల్లు అమ్మబోతే ఈసీలో తాకట్టు అట్లనే ఉంది. కొనేవాళ్లు అడ్వాన్స్ వెనక్కి అడిగారు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చి, తాకట్టు తీయించాల్సింది బ్యాంకే. ఆలస్యం వాళ్లదైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది రిజర్వ్ బ్యాంకు నియమం.

ఆధార్, పాన్ కాపీలు జిరాక్స్ సెంటర్‌లో వదిలేసి రాకండి. ఎవరికిచ్చినా, ఏ పనికో, తారీఖు ఎంతో కాపీ మీదే రాసి సంతకం పెట్టండి.

ఫోన్, పాన్ కార్డు తెచ్చుకున్నవాళ్లు వెనక బల్ల దగ్గరికి ఒక్కొక్కరే రండి. మీ రిపోర్టు మీ ఫోన్‌లోనే తీద్దాం. ఓటీపీ వస్తే నాకు కూడా చెప్పొద్దు.