ఏ పున్నానికో, అమావాస్యకో

శ్రోతలకు నమస్కారం.

మా మేనకోడలు ఉద్యోగంలో చేరిన కొత్త. ఒకరోజు పొద్దున్నే పై అధికారి నుంచి మెసేజ్: "ఐ యామ్ అండర్ ది వెదర్." ఈ పిల్ల కిటికీలోంచి బయటికి చూసి, "ఇక్కడ కూడా మబ్బుగానే ఉంది సార్" అని జవాబు కొట్టింది. పాపం, ఆయనకు ఒంట్లో నలతగా ఉందట!

ఇంగ్లీషు జాతీయాలతో చిక్కే ఇది. మాటలన్నీ తెలిసినవే, అర్థం మాత్రం అందదు. మనమేం తక్కువ తిన్నామా? "చెవిలో పువ్వులు పెట్టడం" అన్నదాన్ని మక్కికి మక్కి ఇంగ్లీషులో చెప్పి చూడండి! "పీస్ ఆఫ్ కేక్" అంటే నల్లేరు మీద బండి నడక. "స్పిల్ ది బీన్స్" అంటే గుట్టు బయటపెట్టడం. స్టేజి ఎక్కబోయే మనవరాలితో ఎవరైనా "బ్రేక్ ఎ లెగ్" అంటే బామ్మ కర్ర తీస్తుంది. అది "బాగా చెయ్యి తల్లీ" అనే దీవెనేనని ముందే చెప్పి ఉంచండి.

నాకు బాగా నచ్చింది మాత్రం "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్". ఎప్పుడో గానీ జరగని దానికి వాడతారు. "తమ్ముడు ఫోన్ చేస్తున్నాడా?" అంటే "ఏ పున్నానికో, అమావాస్యకో" అంటాం చూడండి, అదీ. లెక్క వేస్తే మన పున్నానికీ అమావాస్యకీ మధ్య పదిహేను రోజులే. నెలకు రెండుసార్లు ఫోన్ చేసే తమ్ముడు మంచివాడే! బ్లూ మూన్ కోసమైతే దాదాపు రెండున్నరేళ్లు ఆగాలి.

ఒకే ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని బ్లూ మూన్ అంటున్నారు. రంగేమీ మారదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలాక ఆ ధూళికి చంద్రుడు నిజంగానే నీలంగా కనిపించాడు గానీ, అది వేరే కథ. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29న్నర రోజులు. క్యాలెండరు నెలకేమో 30, 31. ఆ మిగులు పోగుపడి ఎప్పుడో ఒక నెలలో రెండు పున్నములు ఇరుక్కుంటాయి. మన పంచాంగంలో అధిక మాసం పుట్టేదీ ఇలాంటి మిగులు లెక్కతోనే.

2023 గుర్తుందా? అధిక శ్రావణం వచ్చిన ఏడు. ఆ ఆగస్టులో రెండు పున్నములు పడ్డాయి, రెండోది రాఖీ పున్నమి. రాఖీ కట్టకూడదనే భద్ర అనే చెడు ఘడియలు ఉన్నాయని, రాఖీ 30 రాత్రి కట్టాలా, 31 పొద్దున కట్టాలా అని మా ఇంట్లో ఒకటే వాదన. మా అక్క, అదే ఆ మెసేజ్ పిల్ల వాళ్లమ్మ, ఎందుకొచ్చిన గొడవని రెండుసార్లూ కట్టి, రెండుసార్లూ డబ్బులు పుచ్చుకుంది.

సెలవు. నమస్కారం.