బైబిల్లోంచి పుస్తకాలు తీసేశారా? ముందు ఎవరి బైబిల్లోంచో చెప్పండి

అందరికీ వందనాలు. ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్ళీ తిరుగుతోంది. క్రీ.శ. 325లో నైసియా అనే ఊళ్ళో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటింగ్ పెట్టించి, నచ్చని పుస్తకాల్ని బైబిల్లోంచి పీకేయించాడట. నాకు చాలా కోపం తెప్పించే మాట ఇది, ఎందుకంటే విన్నవాళ్ళు భయపడి తమ చేతిలో ఉన్న పుస్తకాన్నే అనుమానంగా చూస్తున్నారు.

నైసియాలో నడిచిన పెద్ద గొడవ ఆరియస్ అనే పాదిరి బోధ గురించి. కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్నది తేల్చారు, ఈస్టర్ తేదీ సంగతి మాట్లాడారు, సంఘాల క్రమశిక్షణకి 20 నియమాలు రాశారు. ఆ 20లో పుస్తకాల జాబితా లేదు. బల్ల దగ్గర పుస్తకాలన్నీ పెట్టి ప్రార్థన చేస్తే అసలువి పైన, దొంగవి కింద తేలాయన్న కథ ఉంది చూడండి, అది ఐదు వందల ఏళ్ల తర్వాత రాసిన ఒక గ్రీకు పుస్తకంలోది. 18వ శతాబ్దంలో వోల్టేర్ అనే ఫ్రెంచ్ రచయిత దాన్ని ఎత్తుకుని ఎగతాళి చేశాక ఊరంతా పాకింది.

మరి జాబితా ఎలా వచ్చింది? రేషన్ కార్డు అనుకోండి. కార్డులో పేరు ఎక్కాక మనిషి ఇంట్లో పుట్టడు కదా, అప్పటికే ఆ ఇంట్లో తింటున్నవాళ్ళ పేర్లే కార్డులోకి ఎక్కుతాయి. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు రెండో శతాబ్దానికే సంఘాల్లో చదువుతున్నారు. ఇప్పుడు మన కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాల్నీ, అవే, ఎక్కువా తక్కువా లేకుండా లెక్కపెట్టిన జాబితాల్లో మనకు దొరికిన మొదటిది అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో రాసిన పండుగ లేఖ. నైసియాకి నలభై ఏళ్ల తర్వాత, ఒక బిషప్ తన సంఘాలకి రాసిన ఉత్తరం.

అలాగని అంతా నున్నగా జరగలేదు, ఇది దాచకూడదు. యూదా పత్రిక, రెండో పేతురు, ప్రకటన గ్రంథం మీద చాలాకాలం అనుమానాలు నడిచాయి. నాలుగో శతాబ్దంలో చేత్తో రాసిన సినాయ్ ప్రతి అనే గ్రీకు బైబిల్లో కొత్త నిబంధన చివర బర్నబా పత్రిక, హెర్మాస్ కాపరి అనే పుస్తకం కూడా ఉన్నాయి. అంటే ఆ ఇంట్లో కొన్నాళ్ళు భోంచేసి, కార్డులోకి ఎక్కనివాళ్ళూ ఉన్నారు.

ఇక ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, క్యాథలిక్ బైబిల్లో 73 అన్న గొడవ. [స్క్రీన్ మీద రెండు తెలుగు బైబిళ్ళు పక్కపక్కన] అన్నదమ్ములు వేరుపడితే కార్డులు రెండవుతాయి. తోబీతు, యూదితు, మక్కబీయులు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా, బారూకు ఇవన్నీ గ్రీకు పాత నిబంధనతో పాటు క్రైస్తవుల చేతికొచ్చినవి. యూదుల హీబ్రూ జాబితాలో లేవని ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1534 బైబిల్లో వాటిని రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. పెట్టాడు, పారేయలేదు! క్యాథలిక్కులు 1546లో ట్రెంట్ సభలో వాటిని లేఖనాలేనని ఖాయం చేశారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఉన్నాయి. 1826లో బ్రిటిష్ బైబిల్ సొసైటీ వాటితో అచ్చువేసే బైబిళ్ళకి డబ్బివ్వం అని తేల్చాక ప్రొటెస్టెంట్ ఇళ్లలోంచి మెల్లగా మాయమయ్యాయి. మన పక్క వీధి ఆర్‌సీఎం చర్చిలో తెలుగు బైబిల్ తెరిస్తే అవన్నీ హాయిగా అందులోనే ఉన్నాయి. దాన్ని పట్టుకుని "దాచేశారు" అంటే ఎలా?

హనోకు గ్రంథం అనే పాత యూదుల పుస్తకం గురించి కామెంట్లలో రోజూ అడుగుతున్నారు. అది ఇథియోపియా సంఘం కార్డులో ఉంది, వాళ్ళ బైబిల్ లెక్క 81 పుస్తకాలు. గీజ్ అనే తమ పాత భాషలో వాళ్ళు కాపాడబట్టే మొత్తం పుస్తకం మనకు మిగిలింది, 1773లో జేమ్స్ బ్రూస్ అనే స్కాట్లాండ్ యాత్రికుడు దాని ప్రతులు యూరప్‌కి తెచ్చాడు. తర్వాత మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో అరామిక్ ముక్కలు దొరికాయి, కాబట్టి క్రీస్తుకి ముందునుంచీ ఉన్నదే. యూదా పత్రిక 14వ వచనం దాన్నుంచి చెబుతుంది, నిజమే. కానీ అపొస్తలుల కార్యములు 17లో పౌలు గ్రీకు కవి మాట కూడా చెప్పాడు, ఆ కవిత్వాన్ని ఎవరూ లేఖనం అనలేదు. ఒక మాట ఎత్తి చెప్పినంత మాత్రాన పేరు కార్డెక్కదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. తోమా సువార్త 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో పూర్తిగా దొరికింది, యేసు చెప్పినవంటూ 114 మాటలు ఉన్నాయి, ఎక్కువమంది పండితులు రెండో శతాబ్దానిదే అంటారు. చదవండి, తప్పేం లేదు, కానీ అది ఏ పెద్ద సంఘం కార్డులోనూ లేదు, తీసేయడానికి. నిజంగా పోయినవి వేరే ఉన్నాయి, నాకు బాధ అక్కడ: యెహోషువ 10లో చెప్పిన యాషారు గ్రంథం, సంఖ్యాకాండము 21లోని యెహోవా యుద్ధముల గ్రంథం, 1 కొరింథీయులకు 5:9లో పౌలు చెప్పిన ముందటి ఉత్తరం. వీటిని ఎవరూ కుట్ర చేసి దాచలేదు, కాపీ చేసి కాపాడేవాళ్ళు లేక పోయాయి. ఆన్‌లైన్‌లో అమ్మే యాషారు గ్రంథం ఆ పాతది కాదు, కొనేముందు గుర్తుంచుకోండి.

ప్రొటెస్టెంట్ వాళ్ళు ఒక్కటి చదవాలంటే 1 మక్కబీయులు 4వ అధ్యాయం చదవండి, యోహాను 10:22లో యేసు దేవాలయంలో ఉన్నప్పుడు జరిగిన ఆలయ ప్రతిష్ఠిత పండుగ ఎక్కడినుంచి వచ్చిందో అందులో ఉంది.