9 ఎంఎం తీగ నుంచి 10 ఎంఎం బోల్టు

నమస్తే అన్నా. నెల్లూరు ఆటోనగర్‌లో మా లేత్ షాపు నుంచే మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది 10 ఎంఎం బోల్టు. దీన్ని చేసింది మాత్రం 9 ఎంఎం తీగతో. ఆ మిగతా ఎంఎం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

నేనైతే 16 ఎంఎం ఆరు పలకల రాడ్ బిగించి చెక్కాలి. కాడ, అంటే తల కింద ఉండే గుండ్రటి భాగం దగ్గర మూడింట రెండొంతుల ఇనుము తుక్కులోకే పోతుంది. ఫ్యాక్టరీలో చెక్కరు, అణుస్తారు. ఈ పనికి కొలిమి ఉండదు. తీగ ముక్కను డై అనే గట్టి అచ్చులో నిలబెట్టి పంచ్‌తో గట్టిగా కొడితే, బయట మిగిలిన కొస పక్కలకు పరుచుకుని తల అవుతుంది. అదే కోల్డ్ ఫార్మింగ్.

ఎంత కొస వదలాలి? 16 ఎంఎం వెడల్పు, 6.4 ఎంఎం ఎత్తు ఉన్న తలకు సుమారు 22 ఎంఎం తీగ పడుతుంది. అంటే మందానికి దాదాపు రెండున్నర రెట్లు. అంత పొడవును ఒక్క దెబ్బకే అణచబోతే తీగ పక్కకు వంగిపోతుంది. అందుకే రెండు మూడు దెబ్బల్లో తెస్తారు. తీగకు ముందే ఫాస్ఫేట్ పూత, సబ్బు పట్టించాలి, లేకపోతే డైకి అంటుకుంటుంది.

ఇక మర. అరచేతుల మధ్య వత్తి చేస్తాం కదా, అలాగే గాడులున్న రెండు గట్టి పలకల మధ్య కాడను దొర్లిస్తారు. లోయల్లో నొక్కుకుపోయిన ఇనుము గట్లుగా పైకి లేస్తుంది. మనం వెతుకుతున్న ఎంఎం అదే!

ఇలా అణిగిన ఇనుము గట్టిపడుతుంది కూడా. స్లాబ్ పనిలో వాడే బైండింగ్ వైరును ఒకసారి వంచి, మళ్లీ తిన్నగా చేయండి. వంగిన చోటు సరిగ్గా తిన్నగా రాదు, అక్కడ గట్టిపడింది. అదేపనిగా వంచితే విరుగుతుంది. ఫ్యాక్టరీలోనూ అంతే, హద్దు దాటితే పగులు.

ఒకసారి చీమకుర్తి గ్రానైట్ లారీకి నేనే లేత్ మీద బోల్టు చేసి ఇచ్చాను. కొన్నాళ్లకు విరిగి వచ్చింది, సరిగ్గా మర లోయలో. నా పనిముట్టు అక్కడ ఇనుము పోగులను కోసేసింది. రోల్ చేస్తే ఆ పోగులు తెగవు, లోయ వెంటే వంగుతాయి. నేను వాడింది మెత్తటి రాడ్ కూడా. తల మీద 8.8 అనే బలం గ్రేడు ఉన్న బోల్టునైతే తయారయ్యాక కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ రోజు నుంచి లారీ చక్రాల బోల్టులు నేను చేయను. కొత్తవి కొనుక్కోమంటాను.

ఇప్పుడు వెర్నియర్ పెడుతున్నాను. కాడ 9.0. మర 9.9.