మైకు ముందు కవిత: ఎక్కడ తగులుతుంది, ఎక్కడ తప్పిపోతుంది?

యాంకర్: నమస్కారం. సూటిగా అడిగేస్తాను. కాగితం మీద బాగుందనిపించిన కవిత వేదికెక్కగానే ఎందుకు చప్పబడిపోతుంది?

కవయిత్రి: చాలాసార్లు లోపం కాగితం మీదే ఉంటుందండీ, రాసినవాళ్లకి కనబడదు అంతే. "గుండె బరువెక్కింది, కన్నీరు ఉప్పొంగింది" అని రాస్తాం. మీరు బాధపడ్డారని వినేవాళ్లకి తెలుస్తుంది, వాళ్లకి మాత్రం బాధ కలగదు. మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పాతకాలపు పండితులు, దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. రసాన్నీ, అంటే వినేవాళ్లు ఆస్వాదించే అనుభూతినీ, దానికి మూలమైన శోకం లాంటి స్థాయీభావాన్నీ పేరు పెట్టి చెప్పేయడాన్ని మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాల్లో చేర్చాడు. నాట్యశాస్త్రం రాసిన భరతుడి రససూత్రం చెప్పేదీ అదే కదా, విభావం అంటే భావానికి కారణం, అనుభావం అంటే అది ఒంట్లో బయటపడే తీరు, వ్యభిచారిభావం అంటే మధ్యలో వచ్చిపోయే భావాలు, ఇవి కలిస్తేనే రసం. అంటే బాధకి కారణమైనదాన్ని చూపించండి, బాధలో ఉన్న మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చూపించండి, బాధ అనే మాటే అక్కర్లేదు.

యాంకర్: ఒక ఉదాహరణ?

కవయిత్రి: "నాన్నా, నువ్వు లేని లోటు తీరనిది" అంటే అందరూ తలూపి ఊరుకుంటారు. "నాన్న నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది, ఎత్తేది ఎవరో" అనండి. హాల్లో చాలామందికి తమ ఫోన్లో ఉన్న ఇంకో పేరు గుర్తొస్తుంది.

రంగస్థల నటుడు: ఒప్పుకుంటాను మేడమ్, కానీ ఆ పాదాన్ని కూడా చెడగొట్టొచ్చు! గొంతు వణికిస్తూ సాగదీశారా, పోయింది. మామూలు గొంతుతో చెప్పి రెండు సెకన్లు ఆగాలి. కొత్తవాళ్లకి అదే కష్టం, నిశ్శబ్దం రాగానే టెన్షన్ పడిపోయి తర్వాతి పాదంలోకి దూకేస్తారు, వినేవాళ్ల లోపలికి అది దిగే టైమే ఇవ్వరు. ఇంకోటి, ఈ కవిత ఎందుకు రాశానంటే అని ఐదు నిమిషాల ఉపోద్ఘాతం... దయచేసి మానేయండి.

యువ కవి: స్లామ్‌లో, అంటే వేదిక మీద కవితలు చెప్పే పోటీలో, ఆ అవకాశమే ఉండదు సార్. 1980ల్లో షికాగోలో మార్క్ స్మిత్ మొదలుపెట్టిన పద్ధతి అది. మామూలుగా 3 నిమిషాలు, దాటితే మార్కుల్లో కోత, జడ్జీలు కూడా ప్రేక్షకుల్లోంచే. కవిత్వం పెద్దగా చదవని మనిషికి కూడా మొదటి పాదమే పట్టాలి. కానీ దాంతో ఒక చెడూ వచ్చింది, చాలామంది ఒకే ఊపులో, ఒకే అరుపుతో చెబుతున్నారు, ఎవరి గాయం పెద్దదో అన్నట్టు పోటీ పడుతున్నారు. నాకది అస్సలు నచ్చదు.

యాంకర్: కంఠతా పట్టాలా, చూసి చదవొచ్చా?

రంగస్థల నటుడు: కంఠతా రావాల్సిందే.

కవయిత్రి: నేనొప్పుకోనండీ. మర్చిపోతానేమోనన్న భయం మొహంలో కనబడుతుంటే కవిత ఎవరు వింటారు? కాగితం పట్టుకోండి, ముఖ్యమైన పాదాల దగ్గర తలెత్తి మనుషుల్ని చూడండి, చాలు.

యువ కవి: ఏదైనా సరే, ముందు ఒంటరిగా గట్టిగా చదువుకోవాలి. నాలుక తడబడిన చోట మాట మార్చండి, ఊపిరి అందని చోట పాదం విరవండి. నా కవితలు సగం అలాగే దారికొచ్చాయి.

యాంకర్: చదువుతూ చదువుతూ నిజంగానే ఏడుపొచ్చేస్తే?

రంగస్థల నటుడు: ఆగండి, నీళ్లు తాగండి, అదే పాదం నుంచి మళ్లీ ఎత్తుకోండి. సారీ చెప్పొద్దు. కానీ ప్రతిసారీ అక్కడే ఏడుపొస్తుంటే అది మీలో ఇంకా పచ్చిగానే ఉందన్నమాట.

కవయిత్రి: అవును, అప్పుడు హాలంతా మీకేమవుతుందోనని కంగారుపడుతుంది, కవితని వదిలేస్తుంది. అలాంటిదాన్ని కొన్నాళ్లు ఇద్దరు ముగ్గురు స్నేహితుల ముందే చదవండి, వేదిక తర్వాత.